పన్నెండో అల

నన్ను అబద్ధపు అంకెలవాడని మా ప్రయోగశాల పెద్దసారు అన్నది పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి ఉన్నప్పుడు, పక్క గదిలో బ్యూరెట్ల ముందు కూర్చున్నవాళ్లందరికీ వినిపించేలా. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా మాటలు అన్నాడు. వాటిలో కొన్ని మంచివే. కానీ ఆ మంచి మాటలన్నీ మెల్లగా, తలుపు వేసుకుని అన్నాడు. ఇది పెద్ద తేడా కాదని నాకు చాలామంది నచ్చజెప్పారు. వాళ్లెవరినీ ఎవరూ అందరి ముందు అబద్ధాలకోరు అనలేదు.

రాష్ట్రాలు కలిసిన కొత్త రోజులవి. మా ప్రయోగశాల నయాపూల్‌కు దగ్గర్లో ఒక పాత దేవిడీ భవంతిలో ఉండేది. ఒకప్పుడు ఆడవాళ్ల జనానాగా ఉన్న భాగంలో కిటికీలు తక్కువ కాబట్టి దాన్ని యంత్రం గదిగా చేశారు. బజారు నుంచి వచ్చే పసుపు, మిఠాయిలు, షర్బత్తుల నమూనాలు మా దగ్గరికి వచ్చేవి. పసుపులో బట్టలకు వేసే రంగు కలుపుతున్నారని ఫిర్యాదులు ఎక్కువగా ఉండేవి. ఆమ్లం చుక్క వేస్తే ఆ దొంగరంగు ఎర్రబడుతుంది, కలిపారా లేదా అన్నది తేలిపోతుంది. ఎంత కలిపారో చెప్పడమే కష్టం. అందుకే ఆ యంత్రం.

దీపం వెలుగును పట్టకం ముక్కలు చేస్తుంది. పక్కనున్న డ్రమ్ము తిప్పితే ఒక్కో రంగు వెలుగు వరుసగా గాజుపెట్టెలోని పసుపునీళ్ల గుండా పోతుంది. నీళ్లు మింగగా మిగిలిన వెలుగు ఎంతో గాల్వనోమీటరు చెబుతుంది. అది నోటితో చెప్పదు. ఒక గాజు కొలబద్ద మీద చిన్న వెలుగుమచ్చ జరుగుతుంది. ఆ మచ్చ ఏ గీత మీద నిలిచిందో చూసి మనమే అంకె చదవాలి. డ్రమ్మును సమానమైన మెట్లలో తిప్పుతూ ఇరవై నాలుగు అంకెలు చదివితే పసుపు వక్రరేఖ తయారవుతుంది.

అక్కడి నుంచి పని నాది. ఎంత వంకరటింకర రేఖనైనా కొన్ని అలల మొత్తంగా రాయవచ్చు. మొదటి అల నిదానమైనది, రేఖ మొత్తానికీ ఒక్కసారి లేచి పడుతుంది. రెండోది రెండుసార్లు లేస్తుంది, మూడోది మూడుసార్లు. ఇరవై నాలుగు అంకెలకు చివరిది పన్నెండో అల. అది ఒక అంకె దగ్గర పైకి, మరుసటి అంకె దగ్గర కిందికి, రంపపు పళ్లలా పోతుంది. సైన్ల పట్టిక పెట్టుకుని హెచ్చించి, కూడి, ఏ అల ఎంత ఎత్తో తేల్చాలి. పసుపు లాంటి పదార్థాల రేఖ సహజంగానే నున్నగా ఉంటుంది. అందుకని రెండు కొసలనూ ఒక సరళరేఖతో సమం చేసుకున్నాక మొదటి అలలు పెద్దవిగా, పోనుపోను చిన్నవిగా, చివరిది దాదాపు సున్నాగా రావాలి. చివరి అలలను పారేసి మిగిలినవాటిని మళ్లీ కూడితే చేతి వణుకులు, కంటి తప్పులు పోయి శుభ్రమైన రేఖ వస్తుంది. పెద్దసారు ఈ పద్ధతిని విదేశంలో నేర్చుకుని వచ్చాడు. పద్ధతి మంచిదే. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు మొదటిరోజు నుంచే ఉంది, కానీ అది వేరే. నాకు లెక్కలు వచ్చా అని పరీక్షిస్తూ ఆయన, "సైన్ అంటే తెలుసా?" అని అడిగాడు. మేము కాలేజీ దాకా ఉర్దూలో చదువుకున్నవాళ్లం. అలవాటుగా, "జైబ్ సార్" అన్నాను.

"జైబా! ఏం లెక్కలయ్యా మీవి, లెక్కలో ఖవ్వాలీయో తెలియడం లేదు" అని ఆయన గట్టిగా నవ్వాడు. కోస్తా నుంచి వచ్చిన ఇద్దరు గుమస్తాలు కూడా నవ్వారు. ముప్పై డిగ్రీలకు జైబ్ అన్నా, సైన్ అన్నా సగమే. ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. ఇంటికి వెళ్లే దారిలో తోచింది.

యంత్రం గదిలో నాతో పాటు ఇంకొకాయన పనిచేసేవాడు. ఇల్లు దబీర్‌పురా, స్టేషన్ వెనక. పొడగరి, ఎప్పుడూ పాన్, ఎప్పుడూ పరిహాసం. మా నాన్న గుడిలో అర్చకత్వం చేసేవాడని తెలిసిన రోజు నుంచి నన్ను అయ్యగారూ అనేవాడు. నేను భాయ్ అనేవాణ్ని. యంత్రం దగ్గర మేమిద్దరం ఎలా పనిచేయాలో పెద్దసారే నియమం పెట్టాడు. ఒక అంకె భాయ్ చదవాలి, నేను రాయాలి. మరుసటి అంకె నేను చదవాలి, భాయ్ రాయాలి. ముక్కాలిపీట ఒక్కటే కాబట్టి ప్రతి అంకెకూ లేచి చోటు మారాలి.

"ఒక్కడే చదివి ఒక్కడే రాస్తే వాడు చదివాడో, పుట్టించాడో నాకేం తెలుస్తుంది? ఇద్దరుంటే ఒకరికొకరు కాపలా" అన్నాడు పెద్దసారు, మా ఇద్దరి ముందరే.

ఆయన వెళ్లాక భాయ్ పీట మీద నుంచి లేస్తూ, "ఆవో అయ్యగారూ, నీ బారీ. బడిల ఉఠక్ బైఠక్ తీపిచ్చినట్టే ఉన్నది గదా" అన్నాడు. బారీ అంటే వంతు. ఆ రోజు నుంచి ఆ పద్ధతికి మా గదిలో బారీ అనే పేరు స్థిరపడింది.

కొన్నాళ్లు పోయాక నా లెక్కల్లో ఒక పీడ కనిపించింది. ఎనిమిదో అల చిన్నది, తొమ్మిది ఇంకా చిన్నది, పది, పదకొండు ఉన్నాయో లేవో అన్నట్టు ఉండేవి. ఆ తర్వాత పన్నెండోది ఒక్కసారిగా లేచి నిలబడేది. ఒక నమూనాలో కాదు, అన్నిటిలోనూ. పసుపు మారినా, మిఠాయి మారినా అది మాత్రం ఇంచుమించు అంతే ఎత్తు ఉండేది. లెక్క మళ్లీ చేశాను. కింది నుంచి పైకి కూడి చూశాను. అదే వచ్చింది.

పెద్దసారు నా కాగితాలు చూసి అందరికీ వినిపించేలా అడిగింది అప్పుడే.

"ఏమయ్యా, ఈ పన్నెండోది ఎందుకు చావడం లేదు?"

"తెల్వదు సార్."

"నాకు తెలుసు. నువ్వు అంకెలు పుట్టిస్తున్నావు. పుట్టించిన అంకెలు ఇలాగే ఉంటాయి. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి, నిజంలా కనబడాలని. పసుపు ఇలా వణకదయ్యా, అబద్ధం వణుకుతుంది."

బ్యూరెట్ల గదిలో ఎవరెవరు నావైపు తిరిగి చూశారో, ఎవరు చూడనట్టు తల వంచుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. నన్ను పర్మనెంట్ చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉందని అందరికీ తెలుసు. వారం గడువిచ్చి, ఆలోగా చేసే నమూనాల్లోనూ ఈ అల ఇలాగే ఉంటే, ఆ కాగితం మీద ‘ఇతని అంకెలు నమ్మదగినవి కావు’ అని రాస్తానన్నాడు. ఆ ఒక్క వాక్యం పడితే ఆ ఉద్యోగం ఒక్కటే కాదు, తూనిక, కొలత ఉన్న ఏ గదిలోకీ నన్ను మళ్లీ రానివ్వరు.

నేను అంకెలు పుట్టించలేదు. కాబట్టి ఇంకెవరో పుట్టిస్తున్నారు. అంత వరకూ నాకు సందేహం లేదు. ఎవరన్నదే తేలాలి.

నేను పైకి చదివిన అంకెలను కాగితం మీద రాసేది భాయ్. సగం అంకెలు నా నోటివి, అతని చేతివి. నేను ఒకటి చెబితే అతను ఒకటి రాస్తే పట్టుకునేదెవరు? నాపై అతనికి కోపం ఉందా అని ఆలోచించాను. నాకు అతనిపై ఉంది. చెల్లెలి నిఖాకు ఆఫీసులో ప్రతి ఒక్కరికీ రుఖా ఇచ్చాడు, జరీ అంచు పెళ్లికార్డు. నా దగ్గరికి వచ్చి ఉత్త చేతులతో, "ఆనా అయ్యగారూ, జరూర్ ఆనా" అన్నాడు. నోటితో పిలిచాడు. నేను వెళ్లలేదు. ఆ తర్వాత అతను నాతో ముందులాగే నవ్వుతూ మాట్లాడటం నాకు మరీ అనుమానంగా ఉండేది.

ఆ మర్నాటి నుంచి నేను చదివిన ప్రతి అంకెనూ పెన్సిలుతో ఎడమ అరచేతిలో రాసుకోవడం మొదలుపెట్టాను. చీకటి గది కాబట్టి అతనికి కనబడేది కాదు. అయ్యాక పెరట్లోకి పోయి అతను రాసిన కాగితంతో పోల్చి చూశాను. ఒక్క అంకె తేడా లేదు. నా చేతిరాత కన్నా అతని రాతే స్పష్టంగా ఉంది. అంటే అతను రాయడంలో మోసం చేయడం లేదు. చదవడంలో చేస్తూ ఉండాలి. అది పట్టుకోవడం ఎలాగో తోచలేదు. అతను చదివేటప్పుడు భుజం మీదుగా వంగి చూస్తే, "ఏంది, ముద్దు పెడతవా?" అని తల పక్కకు తిప్పాడు.

తర్వాత పెద్దసారు మీదకు పోయింది నా అనుమానం. ఆయన తరఫువాడు ఎవరో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాడని గుమస్తాల గదిలో విన్నాను. నా కుర్చీ ఖాళీ కావడానికి ఇంతకన్నా సులువైన దారి ఏముంది? పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి డ్రమ్ము, దీపం, తీగలు తడిమి చూశాను. ఎవరూ ఏమీ కదిలించిన ఆనవాలు లేదు. దీపం వెలుగు ఆడుతోందేమోనని గోడ మీద మచ్చను చాలాసేపు చూశాను. రాయిలా నిలిచి ఉంది. దాని మీదా నాకు నమ్మకం కుదరలేదు.

గడువుకు ముందు రోజు, మధ్యాహ్నం తిండి వేళ, యంత్రం గది బయట వసారాలో కూర్చుని చివరి నమూనా లెక్క చేస్తున్నాను. పన్నెండో అలకు పట్టిక అక్కర్లేదు. ఒక అంకెకు కూడిక గుర్తు, మరుసటి అంకెకు తీసివేత గుర్తు వరుసగా పెట్టుకుంటూ పోయి కూడటమే. భాయ్ టిఫిను డబ్బా కడుక్కుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు చేతిరాతల అంకెలను, వాటి పక్కన నా గుర్తులను చూశాడు.

"గిదేంది అయ్యగారూ, నేను చదివినయన్నిటికి ప్లస్, నువ్వు చదివినయన్నిటికి మైనస్ పెట్టుకున్నవ్? మనోళ్లు, మందోళ్లు అని పంచుకున్నట్టు!"

అతను నవ్వుతూనే ఉన్నాడు. నా చేయి ఆగిపోయింది.

పన్నెండో అల అంటే మరేమీ కాదు, అతని అంకెల మొత్తంలోంచి నా అంకెల మొత్తం తీసేసిన తేడా. అది ప్రతిసారీ అంతే వస్తోందంటే అతను ప్రతిసారీ నాకన్నా కాస్త ఎక్కువ చదువుతున్నాడు, లేదా నేను ప్రతిసారీ కాస్త తక్కువ చదువుతున్నాను. పసుపుకు దానితో సంబంధం లేదు. ఇది నేనే కనిపెట్టేవాణ్ని. రెండు వరుసలు అప్పటికే నా కళ్ల ముందున్నాయి. అతను కొంచెం ముందుగా నోరు తెరిచాడు, అంతే.

"భాయ్, నువ్వు ఆ వెలుగుమచ్చల ఏడ చూస్తవ్?" అన్నాను.

"ఏడ చూస్తరు? నడుమ."

"నడుమనా? నేను ఎడమ అంచు చూస్త. ఎవరన్న అంచే చూస్తరు."

"అంచు ఎందుకు చూస్తరు మియా! చాంద్ ఏడున్నదంటే చాంద్ కొస చూపెడ్తవా?"

"అంచు తేటగ ఉంటది. నడుమ ఏడున్నదో నీకెట్ల తెలుస్తది? అందాజా పెడ్తున్నవ్ నువ్వు!"

"అందాజా నక్కో. నా ఆంఖులు సాఫ్ ఉన్నయ్. నీయే జెర చూపిచ్చుకో."

వాదన పెరిగింది. అంచా, నడుమా అని మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పెద్దసారు చెప్పాలి. మమ్మల్ని ఒకరికొకరు కాపలా పెట్టడం గుర్తుంది ఆయనకు, ఎక్కడ చూడాలో చెప్పడం గుర్తులేదు. చివరికి నేనే లేచి, బారీ లేకుండా ఒక నమూనా మొత్తం నేనొక్కణ్నే చదువుతాను, మళ్లీ మొత్తం నువ్వొక్కడివే చదువు అన్నాను.

"పెద్దసారు చూస్తే?"

"నా నౌకరీ పోతున్నది. చూస్తే చూడనీ."

భాయ్ ఒక్క క్షణం నా మొహం చూశాడు. పరిహాసం ఆపి యంత్రం గది తలుపు తీశాడు. పొద్దున నమూనా పెట్టకముందు వెలుగుమచ్చను సున్నా గీత మీదికి తెచ్చి సరిచేసేది ఎప్పుడూ అతనే. ఆ సున్నాతోనే నేను ఇరవై నాలుగూ చదివాను, అతను రాశాడు. మళ్లీ అతను చదివాడు, నేను రాశాను. విడివిడిగా లెక్క వేస్తే నా వరుసలోనూ, అతని వరుసలోనూ పన్నెండో అల లేదు. రెండు రేఖలూ గీసి చూస్తే రైలు పట్టాల్లా ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. వాటి మధ్య ఎడం, బారీలో వచ్చిన పన్నెండో అల ఎత్తుకు సరిగ్గా రెట్టింపు. అది అలాగే ఉండాలి. మధ్యగీతకు ఒకవైపు అతను, ఒకవైపు నేను.

ఇక మిగిలింది ఎవరిది సరైన చూపు అన్నదే. అదే నా భయం. భాయ్ నడుమ చూసి సున్నా పెట్టి, నడుమే చదివాడు. నేను అతని సున్నాతో అంచు చదివాను. అయితే తప్పు నాదేనని పెద్దసారు అనవచ్చు. అందుకని సున్నా కూడా నేనే, నా పద్ధతిలో, అంచుతోనే పెట్టుకుని మొత్తం మళ్లీ చదివాను. నా రేఖ వెళ్లి అతని రేఖ మీద కూర్చుంది. ఎక్కడ చూసినా ఫరవాలేదు, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషి ఒక్కచోట చూస్తే చాలు.

"చలో, ఇద్దరం బచాయించినం" అన్నాడు భాయ్. గుడ్డతో గాజుపెట్టె తుడుస్తూ, "అయ్యగారూ, ఒక మాట అడగాల్నా? చెల్లె షాదీకి ఎందుకు రాలే నువ్వు? నీకోసమని గోష్ తగలకుండ వేరే దేగ్చీల బగారా అన్నం, బైగన్ వండిపిచ్చిన. మా అమ్మ దర్వాజా దిక్కే చూసుకుంట కూసున్నది."

"రుఖా ఇయ్యలే నువ్వు."

"అరే ఖుదా! అయిపోయినయ్ మియా రుఖాలు. నువ్వు ఘర్ కా ఆద్మీ అని నోటితోటి చెప్పిన."

అది నిజమో, అప్పటికప్పుడు కల్పించాడో నేను తేల్చుకోలేకపోయాను. వేరే దేగ్చీ సంగతి మరెవరినీ అడగడానికి వీల్లేకపోయింది.

కాగితాలన్నీ తీసుకుని పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన తెలివైనవాడు. రెండు రేఖలు, ఎడం, పన్నెండో అల ఎత్తు చూడగానే నేను చెప్పబోయేది అర్థమైంది. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"బాగా చేశావయ్యా. నీ అంకెలు నిజమైనవే. సరే, అయిందేదో అయింది, పోనియ్యి."

"సార్, మీరు ఆ మాట అందరి ముందట అన్నరు. ఇది కూడ అందరి ముందట చెప్పాలె."

"చిన్నపిల్లాడిలా ఏంటయ్యా ఇది?"

"చెప్పాలె సార్."

ఆయన బల్ల మీద నా కాగితం ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది. దాన్ని ఆయనా చూశాడు, నేనూ చూశాను. అక్కడ నిలబడి కదలకపోవడం తప్ప ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. చివరికి ఆయన విసుగ్గా లేచి, తలుపు తెరిచి, బ్యూరెట్ల గదిలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను.

"అందరూ వినండి. యంత్రంలో చిన్న లోపం ఉండింది. అది సరిచేశాం. ఇతని అంకెల్లో తప్పేమీ లేదు."

నలుగురూ తల ఊపారు. ఒకాయన నావైపు చూసి నవ్వాడు కూడా. అక్కడితో ఊరుకుని ఉంటే ఆ సాయంత్రమే సంతకం పడేది. గోడ పక్కన నిలబడ్డ భాయ్ నాకు కళ్లతో సైగ చేశాడు, చుప్ అని. కానీ ఆ యంత్రం ఏ తప్పూ చేయలేదు. నా మీద వేసిన మాటను తీసి, నోరులేనిదాని మీద వేశాడాయన. రేపు దాన్నే సాకుగా పట్టుకుని మళ్లీ నా దగ్గరికి రాడని నమ్మకమేమిటి?

"యంత్రంల లోపం లేదు సార్" అన్నాను.

భాయ్ నా చొక్కా పట్టి లాగాడు.

"మరి ఎవరిలో ఉంది?" అన్నాడు పెద్దసారు.

"బారీల ఉన్నది. ఇద్దర్ని ఒకరి మీద ఒకర్ని కాపలా పెట్టిండ్రు గదా సార్. ఆ కాపలానే పన్నెండో అల."

ఎవరిదో బ్యూరెట్ కింద చుక్క ఎక్కువ పడి సీసా మొత్తం గులాబీరంగు తిరిగింది. పెద్దసారు నన్ను కాదు, ఆ సీసాను చూశాడు. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బారీ మర్నాటి నుంచే ఆగిపోయింది. ఆపమని ఆయన ఉత్తర్వు ఇవ్వలేదు, ఎందుకు ఆపారని మమ్మల్ని అడగనూ లేదు. ఒక నమూనా అతను, ఒక నమూనా నేను మొదలు నుంచి చివరి దాకా చదివేవాళ్లం. నా పర్మనెంట్ కాగితం మాత్రం ఆయన బల్ల మీదే చాలాకాలం పడి ఉంది. ఆయన గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అది ఏ దస్త్రం కింద ఉందో వెతికి చూసుకునేవాణ్ని. వేసవి అయిపోయి, వానలు పడి, మూసీలో ఎర్రనీళ్లు వచ్చాక గుమస్తా పిలిచి చేతికిచ్చాడు. సంతకం ఉంది. నా గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. మొదటిది, ఇతని అంకెలు పూర్తిగా నమ్మదగినవి. రెండోది, పైవారితో వాదించే స్వభావం కలవాడు.

మొదటి వాక్యాన్ని చాలాసార్లు చదువుకున్నాను. రెండోది తీసేయాలని ఆ రోజే అర్జీ రాసి లోపలికి పంపాను. ఏ రోజు, ఎవరితో, ఏ విషయంలో వాదించానో వివరించాలని కోరాను. జవాబు రాలేదు. మరో అర్జీ పెట్టాను. భాయ్ బ్యూరెట్ల గదిలో నా పర్మనెంట్ కాగితం తీసుకుని వెలుగులోకి పట్టి, పాన్ నములుతూ నిదానంగా చదివాడు.

"దోనో సచ్ ఉన్నయ్ అయ్యగారూ" అన్నాడు.

మొదటిది నిజమని అతను అందరూ వింటుండగా అన్నందుకు సంతోషించాను. రెండోదాని సంగతి మాత్రం అతనితో చివరిదాకా తేలలేదు.